చిన్నాన్న తొడ మీద నీలం టేపు

మా చిన్నాన్నకు చాలాకాలంగా మోకాలి నొప్పి. నిన్న హోసూరులో ఫిజియోథెరపిస్టు ఆయన తొడ కండరాల మీద సాగే నీలం టేపు అంటించి, బాగా నడవమని పంపింది. వాకిలి దాటడానికే మూలిగే మనిషి ఈ ఉదయం మా ఊరు గురుబరపల్లి అంతా చుట్టి వచ్చాడు. టేపు అందరికీ కనబడాలని పంచెను మర్యాద ఒప్పుకున్నంత పైకి ఎగ్గట్టాడు.

"నొప్పి యాడ పోయిందో తెలీలేదప్పా! ఆటగాళ్లంతా ఇదే ఏసుకుంటారంట" అని టీ అంగడిలో ఒక్కొక్కరి చేతా దాన్ని తాకించాడు. పశువుల కొట్టం వైపు మాత్రం పోలేదు. పాలు ఎప్పటిలాగే పిన్నే పితికింది.

మధ్యాహ్నం బర్గూరులో బంధువుల నిశ్చితార్థానికి వెళ్లాం. అక్కడా టేపు ఊరేగుతుండగా చిన్నాన్నకు తన మామగారు, అంటే పిన్ని వాళ్ల నాన్న, ఎదురొచ్చారు. పెద్దల ముందు పంచె ఎగ్గట్టుకుని నిలబడకూడదు కదా, గబుక్కున దించేశాడు. టేపు కనుమరుగైంది. ఆ వెంటనే కుంటు తిరిగొచ్చింది.

"ఏమప్పా, ఇంకా కుంటతానే ఉండావే?" అన్నారాయన.

"నడిచేకి అయితా లేదు మామా" అంటూ చిన్నాన్న కుర్చీ లాక్కున్నాడు.

మామగారు కారెక్కి వెళ్లగానే పంచె మళ్లీ పైకి లేచింది. చిన్నాన్న కూడా లేచి, భోజనాల బంతి మొత్తానికి రసం వడ్డించాడు.

పిన్ని నా చెవిలో అంది: "ఆ టేపు పంచె మీదే అంటించమని చెప్పింటే సరిపోయేది కదమ్మా!"

మీ ఇళ్లలో ఎవరైనా ఈ టేపు వేసుకున్నారా? చూసేవాళ్లు లేనప్పుడు కూడా అది పనిచేసిందా?