మేక తినని ఉత్తరాలు

ఏడేళ్లుగా మా కొత్తవాడలో ఒక మేక మీద నింద ఉంది. మా పెద్దబాపు యుద్ధం నుంచి రాసిన ఉత్తరాలను అది తినేసిందని. మా వీధిలో ఎవరిని అడిగినా ఇదే చెబుతారు. ఆ మేకను ఎవరూ విచారించలేదు. దాని తరఫున వాదించేవాళ్లు లేరు. ఉన్న ఒక్క సాక్షీ నేనే, నేను నోరు మూసుకున్నాను. ఎందుకంటే ఆ ఉత్తరాలను పాడుచేసింది మేక కాదు, నేను. అదీ ఎలాగనుకున్నారు? భద్రపరచబోయి! కావాలని నాశనం చేసేవాడు కూడా అంత శ్రద్ధగా చేయడు.

మొదటి నుంచీ చెబుతాను. పెద్దబాపు అంటే మా బాపుకు, అంటే నాన్నకు, అన్న. మగ్గం వదిలి ఫౌజులో చేరాడు. డెబ్బై ఒకటి యుద్ధంలో సరిహద్దు దగ్గర టెలిఫోను తీగలు వేసే పని ఆయనది. అప్పటికి పెళ్లయి ఏడాదే. పెద్దమ్మకు చదువు రాదు. అందుకని ఉత్తరం వచ్చినప్పుడల్లా పదో తరగతి చదువుతున్న మా బాపు వదినకు చదివి వినిపించేవాడట, జవాబూ రాసిపెట్టేవాడట. మొత్తం పన్నెండు ఇన్‌లాండ్ ఉత్తరాలు. పెద్దమ్మ వాటిని పెళ్లిచీర మడతలో దాచుకుంది.

తిరిగొచ్చిన పెద్దబాపు యుద్ధం గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు. ఎవరైనా అడిగితే "మస్తు చలి ఉండె" అనేవాడు, గోడవైపు తిరిగి పడుకునేవాడు. అంటే మా ఇంట్లో యుద్ధం మొత్తం ఆ పన్నెండు కాగితాల్లోనే ఉంది. మా బాపు పోయాక వాటిని విప్పి చదివినవాళ్లు కూడా లేరు.

ఇలా ఉండగా హన్మకొండ కాలేజీ నుంచి ఒక లెక్చరర్ మేడం ఫోను చేసింది. రాబోయే తరాల కోసం పాత సైనికుల జ్ఞాపకాలు, ఉత్తరాలు సేకరిస్తోందట. పెద్దమ్మ నన్ను పిలిచి మూట చేతిలో పెట్టింది.

"సదానందం, మడతల కాడ అప్పడాల లెక్క ఇరుగుతానయ్ రా. జర పైలం. మీ పెద్దబాపు నోరు తెరువడు. ఆయన మాటంత గిండ్లనే ఉన్నది."

"నువ్వు ఫికర్ చెయ్యకు పెద్దమ్మా. నేను లేనా?" అన్నాను.

ఉన్నాను. అదే వచ్చిన చిక్కు.

మేడం ఫోనులో స్పష్టంగా చెప్పింది: "మీరేమీ చేయకండి సార్. ఉన్నవి ఉన్నట్టే ఉంచండి. ఆదివారం నేనే వచ్చి ఫొటోలు తీసుకుంటా."

ఏమీ చేయకండి! నలభై మూడేళ్ల మగవాణ్ణి పట్టుకుని ఏమీ చేయవద్దంటే ఎలా ఉంటుందో మీరే చెప్పండి. మూడు తరాల నేత ఇల్లు మాది. జంపఖానాలు నేసి బతికినవాళ్లం. పోగు తెగకుండా చూడటం మాకొకరు నేర్పాలా? మగ్గం ఎక్కించే ముందు పోగుకు గంజి పెడతాం. గంజి తాగని పోగు పుటుక్కున తెగుతుంది. తాగిన పోగు తీగలా నిలబడుతుంది. నూలుకు బలమిచ్చే గంజి కాగితానికి ఇవ్వదా? ఈ ఆలోచన ఇన్నాళ్లూ ప్రపంచంలో ఎవరికీ ఎందుకు రాలేదా అని ఆ పొద్దున ఆశ్చర్యపోయాను. ఎందుకు రాలేదో సాయంత్రానికి అర్థమైంది.

పొయ్యి మీద గిన్నె చూసి నా భార్య సుజాత అడిగింది.

"గింత గంజి ఎవలికి కాస్తానవయ్యా?"

"పెద్దబాపు ఉత్తరాలకు."

"ఎందుకు? ఉత్తరాలకు జరమొచ్చిందా?"

"నీకు తెల్వది. గట్టిపడ్తయ్."

"మేడం ఏం చెయ్యద్దన్నది గదా?"

"మేడంకు గంజి సంగతి ఏమెరుక? ఆమె పుస్తకాలల్ల సదివింది. నేను మగ్గం గుంతల పుట్టిన."

"ఇంకా గండ్లనే ఉన్నవ్," అని సుజాత బట్టలు ఆరేయడానికి వెళ్లిపోయింది.

నేనేమీ తెలివితక్కువవాణ్ణి కాదు. ముందు ఒక ఉత్తరంతో పరీక్ష చేశాను. డాబా మీద జంపఖానా పరిచి, దానిమీద కాగితం పెట్టి, పల్చటి గంజిలో రెండు చుక్కల నూనె కలిపి కుంచెతో పట్టించాను. ఒక్క అక్షరం చెదరలేదు. ఎండకు ఆరాక ఆ ఉత్తరం ఎలా తయారైందనుకున్నారు! నిలబెడితే నిలబడింది. ఛాతీ విరుచుకుని నిలబడింది. కాస్త ఉంటే దానికి సెల్యూట్ కొట్టేవాణ్ణి.

"సూడు!" అని సుజాతకు చూపించాను. ఆమె ఏమీ అనలేదు. పెళ్లయిన ఇరవై ఏళ్లలో ఆమె ఏమీ అనకపోవడం అదే మొదటిసారి. ఆ ధైర్యంతో మిగతా పదకొండూ ఒకేసారి వరసగా బోర్లా పరిచి, వెనకవైపు నుంచి గంజి దట్టంగా పట్టించాను.

నేను పరీక్ష చేసిన ఉత్తరం బాల్‌పెన్నుతో రాసినది. మిగతా పదకొండూ సిరాపెన్నుతో రాసినవి. సిరా నీళ్లకు ఆగదని మీకు ఈ వాక్యం చదవగానే తట్టింది. నాకు పదకొండింటికీ గంజి పట్టించాక తట్టింది.

తిప్పి చూద్దును గదా, ఒక్క అక్షరమూ తన చోట లేదు. పైన ఉండాల్సిన 'క్షేమం' జారి కింద 'ఇట్లు'లో కలిసింది. కంగారులో భుజం మీది తువ్వాల తీసి అద్దాను. తువ్వాల మీద మా పెద్దబాపు దస్తూరి రెండు వాక్యాల మేర చక్కగా అచ్చయింది, అదీ తిరగేసి. కాగితం మీద అదీ లేకుండా పోయింది. కాసేపటికి పదకొండు ఉత్తరాలూ మబ్బులేని ఆకాశంలా నిర్మలంగా ఉన్నాయి. గట్టిగా మాత్రం ఉన్నాయి. ఆ విషయంలో గంజిని తప్పుపట్టడానికి లేదు.

అప్పుడు వచ్చింది మేక. పక్కింటి కొమురక్కది. రెండు డాబాలకూ మధ్య పిట్టగోడే అడ్డం. గంజి వాసనకు గోడ దూకి వచ్చి, ఒక కాగితం మూల కొరికి నమలడం మొదలుపెట్టింది. నాకు దేవుడే కొమ్ములు పెట్టుకుని వచ్చినట్టనిపించింది. మిగతా పది ఉత్తరాలూ తీసి దాని ముందు పరిచాను. "తినవే తల్లీ," అని బతిమాలాను. అది ఒకటి వాసన చూసింది, నా ముఖంలోకి చూసింది, పక్కకు తిరిగింది. కొరికిన ముక్క కూడా ఉమ్మేసింది. అంత ఆత్మాభిమానం ఆ డాబా మీద దానికొక్కదానికే ఉంది.

నేను గబగబా ఆ పదకొండు కాగితాలూ పాత జంపఖానాలో చుట్టి అటక ఎక్కించి, వాకిట్లోకి పరుగెత్తి అరిచాను.

"అయ్యో! మేక! ఉత్తరాలన్ని తిన్నది!"

పక్క వీధి నుంచి పెద్దమ్మ వచ్చింది. మెట్టు మీద కూలబడింది.

"అన్నీనా రా?"

"ఒక్కటి మిగిలింది పెద్దమ్మా."

"ఏదది?"

చదివాను. రెండు జతల ఊలు సాక్సులు, సీసాడు మామిడికాయ తొక్కు పంపమని రాసిన ఉత్తరం.

"గదొక్కటి ఇడిసిపెట్టిందా?" అని పెద్దమ్మ కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. అప్పుడే చెప్పాల్సింది. చెప్పబోయేలోపు ఆమె లేచి, డాబా మీంచి తొంగి చూస్తున్న మేకవైపు తిరిగింది. "నీ గడ్డం ఊడ! నీ కొమ్ములు ఇరుగ! నీ నోట్లె పచ్చాకు పడకుండ పోను! మొగని మాట మింగినవ్ గదనే!" అని మొదలుపెట్టి పావుగంట ఆపలేదు. కొమురక్క బయటికి వచ్చింది.

"నా మేక తుమ్మాకు తప్ప ముట్టది వదినా! కాయితాలు తింటదా?"

"మా సదానందం కండ్లారా సూసిండు! ఆడు అబద్దమాడుతాండా?"

అందరూ నావైపు చూశారు. నేను మేకవైపు చూశాను. మేక నావైపు చూసింది. "తిన్నది," అన్నాను.

ముప్ఫై ఏళ్ల ఆ ఇద్దరి దోస్తీ ఆ పూటతో తెగింది. మాటలు పడలేక కొమురక్క మేకను నర్సంపేటలో ఉన్న చెల్లెలింటికి పంపించేసింది. గంజి వాసనకే మేక వచ్చిందనుకుని సుజాత కూడా నా మాటే నమ్మింది.

ఆదివారం మేడం పెద్దబాపు ఇంటికి వచ్చింది. నేను తల వంచుకుని మేక కథ మళ్లీ చెప్పాను. ఆమె ముఖం వాడిపోయింది. అప్పుడు పెద్దమ్మ అంది.

"కాయితాలు పోతే పోయినయ్ బిడ్డా. నాకు నోటికొచ్చు. పన్నెండు ఉత్తరాలు మా మరిదితోని ఎన్నిసార్లు సదివిచ్చుకున్ననో! పెట్టు నీ మిషిను."

మేడం రికార్డరు బల్ల మీద పెట్టింది. పెద్దబాపు మంచం మీద గోడవైపు తిరిగి పడుకునే ఉన్నాడు. పెద్దమ్మ కళ్లు మూసుకుని మొదలుపెట్టింది.

"ఒకటో ఉత్తరం. 'నేను క్షేమము. ఇచ్చట చలి మెండు. చందమామను చూసినప్పుడెల్ల నీ ముఖము గుర్తుకు వచ్చుచున్నది...'"

గోడవైపు నుంచి గొంతు వచ్చింది. "ఏందీ?"

"నువ్వు రాసిందే."

"నేనా? చందమామా? పక్కన పండుకునే ఫౌజోళ్లు సదివితే నా ఇజ్జత్ ఏం గావాలె?"

"మరిది సదివిండయ్యా!"

"సదివిండా, సొంతంగ నేసిండా?" పెద్దబాపు లేచి కూర్చున్నాడు.

అప్పుడు తేలింది. చదివి వినిపించినవాడు మా బాపు. వదిన బెంగ పడకూడదని ఉన్నవి కొన్ని దాటేసి, లేనివి కొన్ని కలిపేవాడు. రెండో ఉత్తరంలో సైనికులకు రోజూ సేమ్యా పాయసం పెడుతున్నారని వచ్చింది. "పాయసమా! ఎండురొట్టె నీళ్లల్ల ముంచుకొని తిన్నం!" అని పెద్దబాపు అరిచాడు. మేడం నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది. మూడో దాంట్లో ఇంకో పది తగవులు.

"నాలుగోది చిన్నది," అంది పెద్దమ్మ. "'నేను క్షేమము. దిగులు పడకు.' గంతే."

పెద్దబాపు మంచం అంచుకు జరిగాడు. మెల్లగా అడిగాడు.

"నాలుగోది చిన్నదా? కాయితం నిండ రాసిన. జాగ చాలక అంచులల్ల గూడ రాసిన. సెల్వం సంగతి."

"ఏ సెల్వం?"

"నీకెరుక లేదా?"

"నాకేమెరుక?"

ఆయన రికార్డరును గానీ మమ్మల్ని గానీ చూడలేదు, పెద్దమ్మను చూస్తూ చెప్పాడు. గుండ్లు పడి తీగ తెగిందట. పోయి అతికి రావాల్సిన వంతు పెద్దబాపుది. ఆ రోజు ఆయనకు ఒళ్లు కాలిపోయే జ్వరం. నువ్వు పండుకో అని, ఆయనతో కలిసి తీగలు వేసే సెల్వం పోయాడు.

"జర సేపటికి ఫోను మోగింది. తీగ అతికిండు. ఆడు మాత్రం రాలే. గది రాసిన నీకు. నీ దగ్గరినుంచి జవాబొచ్చింది. బర్రె ఈనింది, దుడ్డె పుట్టింది అని. సరే, ఈమెకు ఇనబుద్ది కాలేదు అనుకున్న. మల్ల ఎన్నడు ఎత్తలే."

"అయ్యో, మరిది సదవలేదయ్యా నాకు," అంది పెద్దమ్మ. "సదివితే అడగనా? ఇన్నేండ్లు నేను అడగనైతినా నిన్ను?"

"చలి అనుకుంట తప్పిచ్చుకున్న. రాసిందే మల్ల చెప్పుడెందుకని."

పెద్దమ్మ లేచి వెళ్లి మంచం మీద ఆయన పక్కన కూర్చుంది. నాకు తెలిసి మా ముందర ఎప్పుడూ అలా కూర్చోలేదు. పెద్దబాపు ఆ రోజు మూడు గంటలు మాట్లాడాడు. మేడం రెండుసార్లు బ్యాటరీలు మార్చింది.

ఆ రోజు నా గుండె ఎంత తేలికపడిందో చెప్పలేను. మాటలు దక్కాయి, ఇంకా ఎక్కువే దక్కాయి. అట్లని నా గంజి పుణ్యమని ఎవరూ అనుకోవద్దు. కాగితాలు ఉండి ఉంటే ఆ నాలుగో ఉత్తరం మేడమే చదివి వినిపించేది, పెద్దబాపు చేతిరాతలో. బాపు దాచాడు, నేనూ దాచాను. బాపు దాచింది వదిన మీద ప్రేమతో. నేను దాచింది నా వీపు మీద ప్రేమతో.

అలా ఏడేళ్లు గడిచాయి. పోయిన నెల మేడం టైపు చేసిన పేజీలు పంపింది. "ఇవి కాలేజీలో శాశ్వతంగా ఉంటాయి. ఒకసారి చూసి తప్పులుంటే చెప్పండి సార్." చదివాను. పెద్దబాపు మాటలన్నీ సరిగ్గా ఉన్నాయి. చివర ఒక్క వాక్యం: 'ఈ ఉత్తరాలను పొరుగింటి మేక తినివేసింది.' వీధిలో అబద్ధం చెప్పడం ఒక ఎత్తు. రాబోయే తరాలన్నింటికీ కలిపి ఒకేసారి చెప్పడం ఇంకో ఎత్తు. నాకు అన్నం సహించలేదు.

అటక మీది చుట్ట దించి, సుజాతను, మేడంను, కొమురక్కను వెంటబెట్టుకుని పెద్దబాపు ఇంటికి వెళ్లాను. పదకొండు నీలి కాగితాలూ ఆయన ముందు పెట్టి, గంజి నుంచి మేక దాకా అంతా చెప్పాను. పెద్దబాపు ఒకటి తీసి వెలుతురుకు పట్టి చూశాడు. వేలితో కొట్టి చూశాడు.

"గంజి మాత్రం మంచిగ పట్టిచ్చినవ్ రా."

పెద్దమ్మ నవ్వలేదు. "కొమురమ్మా, నా పక్కకు రా," అంది. తర్వాత నాతో: "నువ్వు నిలబడు. ఆ మేకను తిట్టిన తిట్లన్ని నాకు యాదికున్నయ్. అవి దానియి గావు."

ఏడేళ్ల నాటి తిట్లు వరసగా, ఒక్కటి తప్పకుండా, పావుగంట. నాకు గడ్డం లేదు, కొమ్ములు లేవు. ఆమె ఆ మినహాయింపులేమీ ఇవ్వలేదు. అయిపోయాక ఊపిరి తీసుకుని కొమురక్క చేయి పట్టుకుంది.

"నా నోరు పాడుగాను. ఈ గాడిద మాట నమ్మి నీతోని మాటలిడిసిన."

కొమురక్క కళ్లు తుడుచుకుని, "ఇప్పుడు మేకను తోలుకరావాల్నా వదినా, ఈన్ని నర్సంపేటకు తోలాల్నా?" అంది. అప్పుడు నవ్వింది పెద్దమ్మ. నేనూ ఏడేళ్ల తర్వాత గుండెల నిండా గాలి పీల్చుకున్నాను.

మేడం కాగితాలు తీసుకుంది. ఒకటి రెండు చోట్ల పెన్ను నొక్కిన గీతలు కనిపిస్తున్నాయి, ప్రయత్నిస్తానంది. "నేనేమన్న సాయం చెయ్యాల్నా?" అని అడగబోయాను. సుజాత నా చెయ్యి గిల్లింది.

"మేడం, నీ మిషిను పెట్టు," అన్నాడు పెద్దబాపు. "ఈడు చెప్పింది గూడ అండ్ల ఉండాలె. రేపటి పోరగాళ్లు వింటరు గదా."

రికార్డరులో ఎర్ర దీపం వెలిగింది. నిటారుగా నిలబడి, గొంతు సవరించుకుని చెప్పాను.

"నా పేరు సదానందం. ఇగ జన్మల పోగుకు తప్ప దేనికీ గంజి పెట్టనని, ఏం చెయ్యద్దని ఎవరన్న చెప్తే నిజంగనే ఏం చెయ్యనని, మీ అందరి ముందట ఒట్టు పెడుతాన. మేక తినలేదు. ఉత్తరాలు ఖరాబు చేసింది నేను, ఏడేండ్లు దాచింది నేను. కొమురక్కా, పెద్దమ్మా, పెద్దబాపూ, తప్పయింది. మాఫ్ చెయ్యుండ్రి."