బట్టల దుకాణంలో నా నాచ్ ఫిల్టర్

అప్పుడు నేను ఇంజినీరింగ్ మూడో ఏడాదిలో ఉన్నాను. వరంగల్‌లో మా చిన్నాయన బట్టల దుకాణంలో మైకు ఎప్పుడూ గుయ్యిమనేది. అది కరెంటు వల్ల వచ్చే యాభై హెర్ట్జ్ రొద. దాన్నొక్కదాన్నే వడగట్టే నాచ్ ఫిల్టర్‌ను కంప్యూటర్‌లో సిమ్యులేట్ చేస్తే, గ్రాఫు సరిగ్గా యాభై దగ్గర బావిలా దిగింది. ఇక నన్ను పట్టేవాళ్లు లేరు!

సర్క్యూట్ తయారుచేసి, కౌంటర్ కింద దూరి తగిలించగానే రొద ఆగిపోయింది. మైకందుకుని, చీరలు చూస్తున్న వాళ్లందరికీ నా ఫిల్టర్ గొప్పతనం వివరించాను. ఉపన్యాసం మధ్యలో ఫ్యాన్లు తిరగడం మొదలైంది. వెంటనే గుయ్యిమంటూ రొద కూడా వచ్చేసింది.

"ఇంతసేపు కరెంటు లేకుండె కొడుకా, మైకు బ్యాటరీ మీద నడిచింది" అన్నాడు చిన్నాయన నవ్వాపుకుంటూ. "చెప్దామంటె నువ్వు మైకు ఇడువకపోతివి."

ఈనాటికీ నా సర్క్యూట్ ఏదైనా మొదటిసారే పనిచేస్తే, ముందు తలెత్తి ఫ్యాన్ వంక చూస్తాను.