ఏడుపుల పాఠం

ఆ రోజుల్లో నాకు ఇంగ్లీషు బాగా వచ్చని నాకు గట్టి నమ్మకం. ఇరవై రెండేళ్ల వయసులో మనిషికి రానిదేముంటుంది లెండి! బీఈడీ అవగానే ముసునూరు దగ్గర మామిడితోటల మధ్య ఉన్న ఒక చిన్న ప్రైవేటు స్కూల్లో చేరాను. మూడు నెలలు చూసి, ఉంచాలో పంపాలో చెబుతానన్నారు కరస్పాండెంటు గారు. నాకేమో ఆ ఉద్యోగం నిలబడితీరాలి. ఊడిందంటే చాలు, చింతలపూడి సంబంధం ఖాయం చేసేయడానికి మా మేనత్త కాచుక్కూర్చుంది (ఆ అబ్బాయి మంచివాడేట, ఇప్పటికీ అందరూ అంటారు). మూడు నెలలూ గడిచాక ఒక ఒంటిపూట బడి రోజున ఆయన నా ఆరో తరగతికొచ్చి వెనక బెంచీలో కూర్చున్నారు.

ఆ రోజు పాఠం, ఏడవడానికి ఇంగ్లీషులో ఉన్న మాటలు. క్రై, సాబ్, వెయిల్, స్క్రీమ్ అని బోర్డు మీద రాశాను. వెక్కి వెక్కి ఏడిస్తే సాబ్, చావింట్లో రాగం తీసి ఏడిస్తే వెయిల్, కెవ్వున అరిస్తే స్క్రీమ్ అని రెండుసార్లు చెప్పాను. ఒక్క మొహమూ వెలగలేదు. వెనక ఆయన ఆవులించారు. ఇక లాభం లేదని, "సరే, వెయిల్ చేసి చూపించండి!" అనేశాను. అడగడమే పాపం, నలభైమందీ గుండెలు బాదుకుంటూ "ఓ నాయనోయ్, మమ్మల్నొదిలి పోయావా!" అని అందుకున్నారు.

పక్క తోటలో కాయలు కోస్తున్న ఆడవాళ్లకి అది వినబడింది. మావైపు అలాంటి ఏడుపు వినబడితే ముందెళ్లి ఏడుస్తారు, ఎవరు పోయారన్నది తర్వాత అడుగుతారు. వాళ్లలో అందరూ పెద్దమ్మా అని పిలిచే ఒకావిడ తిన్నగా వచ్చి నన్ను వాటేసుకుని, "నా తల్లే, ఎంత కష్టమొచ్చిందే నీకు!" అని శోకాలు మొదలెట్టింది. మిగతావాళ్లు కింద చతికిలబడి అందుకున్నారు. తోడు దొరికేసరికి పిల్లలు ఇంకా రెచ్చిపోయారు. కాసేపటికి పెద్దమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుని, "ఇంతకీ ఎవరమ్మా పోయింది?" అంది.

"ఎవరూ పోలేదు పెద్దమ్మా. పాఠం."

"ఏం పాఠమే తల్లీ! ఏడవడం కూడా బళ్లో నేర్పాలా?"

కరస్పాండెంటు గారు లేచారు. "ఏంటమ్మా ఇది! స్కూలా, శ్మశానమా!" అని ఆయన అరిచిన అరుపుకి అందరూ ఠక్కున ఆగారు. ఇంకేముంది, ఉద్యోగం గోవిందా అనుకున్నాను. బోర్డుకి ఆనుకుని, ఆపుకోలేక నిజంగానే ఏడ్చేశాను. అప్పుడు ముందు బెంచీలో ఎప్పుడూ నోరు మెదపని ఒక పిల్ల చెయ్యెత్తి లేచింది. "సార్, నాకర్థమైంది సార్. ఈ మామ్మలది వెయిల్. మేడం గారిది సాబ్." కాస్త నసిగి, "మీది స్క్రీమ్ సార్," అంది.

ముందు పెద్దమ్మే నవ్వింది. ఆయన బిగపట్టుకుని చూశారు గానీ, పాపం, మీసాలు ఆగలేదు. "రేపట్నుంచి నవ్వే పాఠాలు చెప్పమ్మా. తోటలో పని సాగాలి కదా," అని వెళ్లిపోయారు. రేపట్నుంచి అన్నారంటే ఉంచినట్టేనని నాకు అర్థం కావడానికి పావుగంట పట్టింది.

ఇప్పుడు వెనక బెంచీలో కూర్చుని కొత్త టీచర్లకి మార్కులు వేసేది నేనే. వాళ్లు తెర మీద వీడియో వేస్తారు, పిల్లలు బుద్ధిగా చూసి రాసుకుంటారు, ఎవరూ ఎక్కడినుంచీ పరుగెత్తుకు రారు. పదికి తొమ్మిది వేస్తాను. ఆ ఒక్క మార్కూ ఎందుకు తగ్గిందని అడుగుతారు వాళ్లు.  ఏం చేస్తోందో తనకే తెలియకుండా నలభైమందిని ఏడిపించిన ఆ ఇరవై రెండేళ్ల వెర్రిపిల్లకి తప్ప అది ఇంకెవరికీ ఇవ్వబుద్ధి కాదు.