రెండు మెట్ల నడుమ పాట

జనగామలో మాది బెల్లం, మిర్చి టోకు దుకాణం. మా ఇంట్లో నాకంటే ముందు ఏ వాద్యాన్నీ ముట్టినవాడు లేడు. పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయిస్తానంటే మా బాపు నవ్వి, "పెండ్లికి పోయి తినొస్తె సాలదా, వాయించుడు గూడనా" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. నవ్వడంతో నాకు రోషం వచ్చి, మరుసటి వారమే హైదరాబాదు వెళ్లి కీబోర్డు కొనుక్కొచ్చాను.

పెద్ద విద్వాంసులు కీబోర్డులో ఏం చూసి కొంటారో నాకు తెలియదు. ఊరూరా తిరిగి వాయించేవాళ్లం మాత్రం ముందు దాన్ని చంకలో పెట్టుకుని చూస్తాం. ఆర్టీసీ బస్సులో ఒళ్లో పెట్టుకుని కూర్చోగలమా అని ఆలోచిస్తాం. తర్వాత తిరగేసి, అడుగున సెల్లులు వేసే అర ఉందో లేదో చూస్తాం, ఎందుకంటే కరెంటు పోకుండా మా వైపు పెళ్లి జరగదు. వాయించి చూడడం ఆఖరున. అలా చూసి చూసి కొన్నది అరవై ఒక్క మెట్లది. హార్మోనియం కాలం నుంచీ మేం కీలను మెట్లనే అంటాం. దూదిలా తేలికగా ఉండేది. తబలా, డోలక్, షెహనాయి, అన్నీ ఉండేవి అందులో.

ఆర్కెస్ట్రాలో నాలుగేళ్లు బాగానే గడిచాయి. ఒక పెళ్లిలో నేను మైకు తీసుకుని తర్వాతి పాటేదో చెప్పబోతే, కోస్తా నుంచి వచ్చిన మా వ్యాఖ్యాత నెమ్మదిగా దాన్ని నా చేతిలోంచి లాక్కుని, "నువ్వు వాయించు బాబూ. నీ భాష శుభ్రంగా ఉండదు" అన్నాడు. చెడ్డవాడు కాదు. భోజనాల దగ్గర పిలిచి మరీ నా విస్తట్లో రెండో లడ్డూ వేయించినవాడే. అందుకే ఇంకా మండింది. తెలంగాణ ఉద్యమం ఊళ్లను ఊపుతున్న రోజులవి. పాట, డప్పు, ఆట, ప్రసంగం అన్నీ కలిసిన ధూంధాం సభలు ఎక్కడ చూసినా జరుగుతున్నాయి. నేను ఆర్కెస్ట్రా తగ్గించుకుని ఒక పాటల బృందంలో చేరాను.

అందులో మానుకోట దగ్గరి తండా నుంచి వచ్చే లంబాడీ అక్క ఒకామె ఉండేది. మహబూబాబాదును మేం మానుకోట అనే అంటాం. పొద్దంతా మిర్చి ఏరి, సాయంత్రానికి సభలో తెలుగు పాట ఎత్తుకుందంటే మైకు లేకపోయినా వెనక వరసకు వినిపించేది. ఒకరోజు మా గోదాంలో సాధన చేస్తుండగా తన ఇంటి భాషలో ఒక పాట పాడింది. వాళ్ల అమ్మ దగ్గర నేర్చుకున్నదట. నడిచి నడిచి అలసిన ఎద్దుతో ఒక ఆడమనిషి మాట్లాడుతుంది ఆ పాటలో. ఇంకెంత దూరం అని అడుగుతుంది, ఎద్దుకు తెలుసన్నట్టు. అర్థం చెప్పించుకుని మళ్లీ పాడించుకున్నాను. ఇది సభలో పాడాల్సిందేనని పట్టుబట్టాను.

వాయించబోతే ఒక స్వరం దగ్గర నా వేలు ఆగిపోయింది. నల్ల మెట్టు నొక్కితే ఆమె గొంతుకు కింద ఉంది. పక్కనున్న తెల్లది నొక్కితే పైన ఉంది. ఆ స్వరం రెంటి నడుమ ఎక్కడో ఉంది. నాకు తోచిన ఉపాయం నేను చెప్పాను.

"అక్కా, గీ ఒక్క కాడ జర సాఫ్‌గ పాడు. గీ తెల్ల మెట్టు మీదికి రా."

ఆమె కీబోర్డు మీద వెలిగే దీపాలను చూసింది, నన్ను చూసింది. "నువ్వు సదువుకున్నోనివి తమ్మీ. నువ్వు జెప్తె గంతే" అంది. మూడు రోజులు కష్టపడి తెల్ల మెట్టు మీదికి వచ్చింది.

మానుకోట సభలో తండాల ఆడవాళ్లు ముందు వరసల్లో కూర్చున్నారు. మొదటి మాట తమ భాషలో వినపడగానే చప్పట్లు మొదలుపెట్టారు. ఆ స్వరం వచ్చింది. వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. రెండో చరణానికి చప్పట్లు ఆగిపోయాయి. ఎవరూ నవ్వలేదు, లేచిపోలేదు. చుట్టాలింటికి వెళ్లినప్పుడు వాళ్ల పిల్లల పాట విన్నట్టు మర్యాదగా విన్నారు.

వేదిక దిగాక ఆమె నా వైపు చూడకుండానే చెప్పింది. "నువ్వు జెప్పిన కాడికే పాడిన తమ్మీ. మా అవ్వ పాట నాకే కొత్తగనిపిచ్చింది. ఇగ తెలుగు పాటలే పాడుత. మా పాట నీ పెట్టెల పట్టది."

రైల్లో జనగామకు వస్తుంటే నా మాటే నాకు మళ్లీ మళ్లీ వినపడింది. సాఫ్‌గ పాడు. నా చేతిలోంచి మైకు లాక్కున్న ఆయన శుభ్రం అన్నాడు, నేను సాఫ్ అన్నాను, అంతే తేడా. మన యాసను వెక్కిరించారని వేదికలెక్కి వాయిస్తున్న నేను, ఒకామె తల్లి పాటకు సున్నం కొట్టి తెల్లగా చేసి వచ్చాను. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. పది రోజుల్లో భూపాలపల్లిలో సభ ఉంది. ఈలోగా ఆమె చేత ఆ పాట ఆమెలాగే పాడించలేకపోతే, ఇక ఎప్పటికీ పాడదు. ఆమె మాట అంటే మాటే.

హైదరాబాదులో పాత దుకాణానికే వెళ్లాను. అబ్బాయి కొత్త మోడళ్లన్నీ వరసగా చూపించాడు. రెండు మెట్ల నడుమ స్వరం పలుకుతుందా అని అడిగితే, పక్కనున్న చక్రం తిప్పమన్నాడు. తిప్పితే స్వరం జారుతుంది గానీ నిలవదు, పైగా ఆ స్వరం వచ్చిన ప్రతిసారీ ఒక చెయ్యి దానికే పోవాలి. ఆఖరికి అతనే విసుగ్గా, "మీరడిగేది అరబ్బు దేశాల మోడళ్లలో ఉంటదన్నా. వాళ్ల రాగాలట్లుంటయి. ఇక్కడికి రావు" అన్నాడు. నేను నవ్వాను. అరబ్బు దేశాల నుంచి మా ఊళ్లకు రానిదేముంది, మా మనుషులు సగం అక్కడే ఉంటే.

నాలుగు చోట్ల అడిగితే నర్మెట్టలో ఒకాయన దగ్గర ఉందని తెలిసింది. గల్ఫులో పెళ్లి హాలు ఊడ్చే పనిలో ఉండగా, పాతబడిందని యజమాని ఇచ్చేశాడట. నా కీబోర్డు చంకన పెట్టుకుని వెళితే, దుప్పటి విప్పి చూపించాడు. అక్షరాలన్నీ అరబ్బీలో ఉన్నాయి. బెల్లం బస్తా అంత బరువు. సెల్లుల అర లేదు, డోలక్ లేదు. మేం చూసి కొనే గుణాల్లో ఒక్కటీ లేదు. పైన మాత్రం పన్నెండు చిన్న గుండీలు వరసగా ఉన్నాయి. ఒకటి నొక్కితే దానికి సంబంధించిన మెట్టు స్వరం కిందికి దిగింది. ఎంత దిగాలో అంకె మార్చుకోవచ్చు.

"గిది అమ్మేది లేదు" అన్నాడాయన. "నీది తేలికగున్నది. మా బిడ్డ నేర్చుకుంటనంటున్నది. మారుస్తవా?"

మారిస్తే పెళ్లిళ్ల బేరాలు పోయినట్టే. బయట వేపచెట్టు కింద కాసేపు నిలబడ్డాను. తర్వాత లోపలికి వెళ్లి, ఆ పిల్లకు నా కీబోర్డు ఎలా ఆన్ చేయాలో చూపించాను.

దాన్ని ఆటోలో వేసుకుని తండాకు వెళితే అక్క చూసి, "గిదేంది తమ్మీ, సందూక పెట్టె లెక్కున్నది" అంది. ఈసారి నువ్వు పాడు, నేను నీ వెనక వస్తానన్నాను. నమ్మకం లేకుండానే మొదలుపెట్టింది. తెల్ల మెట్టును సగం, అంటే యాభై అంకెలు, దించాను. తల అడ్డంగా ఊపింది. కొంచెం పైకి జరిపాను. మళ్లీ ఊపింది. ఒక్కో అంకె జరుపుతూ వెళ్లాను. ఒక చోట ఆమె తల ఊపడం మరిచిపోయి పాడుతూ పోయింది. ముప్ఫై నాలుగు. ఆ అంకెను అరచేతి మీద రాసుకున్నాను. పాట అయ్యాక మాత్రం, "భూపాలపల్లిల సూద్దాం" అని ఊరుకుంది.

భూపాలపల్లిలో మధ్యాహ్నం సభ. షిఫ్టు దిగిన బొగ్గుబావుల వాళ్లు టోపీలతోనే వచ్చారు. మహదేవపూర్ వైపు నుంచి ట్రాక్టర్లు దిగాయి. మా వంతు రాగానే కరెంటు పోయింది. చెల్పూరు థర్మల్ కేంద్రంలో కరెంటు తయారవుతుంటే పక్క ఊళ్లో మైకు మోగదని ఎవరో అరిస్తే జనమంతా గొల్లున నవ్వారు. జనరేటర్ వేశారు. కీబోర్డు వెలిగింది, కానీ నేను పెట్టుకున్నవన్నీ చెరిగిపోయాయి. చెమటకు అరచేతి మీది అంకె కూడా పోయింది. మళ్లీ పెట్టుకునేలోగా ఆమె నన్ను అడగకుండానే ఎత్తుకుంది, తండాలో పాడిన దానికంటే ఎత్తున.

ఆమె ఉన్న శృతిని వెతికి పట్టుకున్నాను. ఇప్పుడు దిగాల్సిన మెట్టు వేరు. ఆ గుండీ నొక్కి, తలవంచి, గుర్తున్న అంకె కొట్టాను. ఆ స్వరం దగ్గరికి ఆమె వచ్చింది, నేనూ వచ్చాను. ఆమె గొంతూ నా వేలూ ఒక్కచోట ఆగాయి. ఆమె వెనక్కి తిరిగి నన్ను చూసింది, పాడుతూనే. ముందు వరసల్లో ఉన్న తండాల ఆడవాళ్లు చప్పట్లు మొదలుపెట్టారు. రెండో చరణానికి లేచి నిలబడ్డారు. మూడోదానికి వాళ్లే పాడుతున్నారు. నాకు కళ్లు మసకబారి మెట్లు కనిపించలేదు, వేళ్లే చూసుకున్నాయి.

పాట అయ్యాక ఒక ముసలామె చేతి గాజులు మోగించుకుంటూ వేదిక దగ్గరికి వచ్చి, నన్ను చూపించి వాళ్ల భాషలో ఏదో అడిగింది. నాకు అర్థం కాలేదు. అక్క వైపు చూశాను.

"పిలగాడిది ఏ తండా అని అడుగుతున్నది" అంది.

జనగామ అని చెప్పబోయాను. అంతలోకే అక్క ఆమెకు బదులు చెప్పేసింది. ముసలామె తల ఊపి, నా రెండు చెంపలు నిమిరి వెళ్లిపోయింది.

"ఏం జెప్పినవక్కా?"

"మా తండానే అని జెప్పిన" అంది.