నాయన వాయించని పాట

మా నాయన తన పెళ్లికి తనే ఆర్గన్ వాయించుకున్నాడు. చిత్తూరులో మా గుడికి, అంటే చర్చికి, ఆయన తప్ప వాయించేవాళ్లు లేరు మరి. అమ్మ లోపలికి వచ్చేదాకా వాయించి, పరుగున పోయి ఆమె పక్కన నిలబడి, సూత్రం కట్టి, సంతకం పెట్టి, మళ్లీ పరుగున పోయి, కాళ్లతో గాలి కొట్టే ఆ ఆర్గన్ తొక్కాడట. పెళ్లికూతురు ఒక్కతే దండతో గుడి బయటికి నడిచింది. కార్వేటినగరం నుంచి వచ్చిన అమ్మ తరఫువాళ్లు "అల్లుడు యాడ?" అని వెతుక్కున్నారట. ఈ సంగతి చెప్పుకుని చుట్టాలంతా నవ్వేవాళ్లు. అమ్మ కూడా నవ్వేది, కానీ అందరికంటే ముందే ఆపేసేది.

నాయన మిషన్ బడిలో సంగీతం టీచరు. సాయంత్రాలు శెట్టిగార్ల ఇళ్లకు పోయి పిల్లలకు హార్మోనియం నేర్పేవాడు. ఆదివారం తమిళ ఆరాధనకూ ఆయనే, తర్వాత తెలుగు ఆరాధనకూ ఆయనే. ఒకే పాటను తమిళంవాళ్లు బస్సు తప్పిపోతుందన్నట్టు పాడేవాళ్లు. మనవాళ్లు ప్రతి పాదం చివరా సాగదీసేవాళ్లు. "వీళ్లను లాక్కోని పోయేతలికి నా మోకాళ్లు అరిగిపోతా ఉండాయి" అని ఇంటికొచ్చి విసుక్కునేవాడు.

పెళ్లయి ఇరవై ఐదేళ్లు నిండిన దంపతులను మా గుడిలో ముందుకు పిలిచి ప్రార్థన చేస్తారు. తర్వాత సంఘమంతా పాడుతుంటే ఇద్దరూ కలిసి బయటికి నడుస్తారు. మావాళ్ల వంతు వచ్చినప్పుడు అమ్మ చీర అడగలేదు, విందు అడగలేదు.

"ఈసారన్నా నాతో కలిసి బయటికి నడవండి. ఇంకేం వద్దు నాకు" అంది.

నాయన నన్ను ఆర్గన్ ముందు కూర్చోబెట్టాడు. అప్పటికి నేను కాలేజీలో ఉన్నాను. నాకు సంగీతం అబ్బలేదని ఊరందరికీ చెప్పింది ఆయనే. పరాయి పిల్లలకు అంత ఓపిగ్గా నేర్పే మనిషి నా దగ్గరికొచ్చేసరికి మిరపకాయ అయిపోయేవాడు.

"తప్పు వాయించినా పరవాల్యా. తొక్కేది మాత్రం ఆపొద్దు. గాలి ఆగితే పాట సచ్చిపోతాది."

ఒకరోజు నాకు ఒళ్లు మండి, "అయితే నువ్వే వాయించుకో పో నాయనా" అని లేచి ఇంటికి వచ్చేశాను. అమ్మ తల వంచుకుని చింతపండు పిసుకుతూ ఉండిపోయింది. నేను మళ్లీ పోయి కూర్చున్నాను.

ఆ ఆదివారం ప్రార్థన ముగియగానే పాట ఎత్తుకున్నాను. రెండో చరణంలో వేళ్లు తడబడ్డాయి. జనం ఎప్పటిలాగే సాగదీశారు. నేనొకచోట, వాళ్లొకచోట. ఇక నాయన ఆగలేడు, అమ్మను వదిలి ఇటు వచ్చేస్తాడని భయం పట్టుకుంది. వస్తే అమ్మ మళ్లీ ఒక్కతే నడవాలి. తప్పో ఒప్పో, కాళ్లు మాత్రం ఆపలేదు.

మా ఆర్గన్ గోడకు ఎదురుగా ఉండేది. వెనక ఏం జరుగుతోందో వాయించేవాళ్లకు కనబడదు. చరణాలన్నీ అయిపోతే మళ్లీ మొదటినుంచి ఎత్తుకున్నాను. చివరికి గుడి ఊడ్చే ఆమె వచ్చి భుజం తట్టింది.

"సాల్లే పాపా. వాళ్లు అప్పుడే బయటికి పోయినారు. మీయమ్మ మీ నాయన సెయ్యి వదల్లేదు సూడు."

చూడమంటే ఏం చూడను? నా ఎదురుగా గోడే ఉంది. గుడి నిండా జనంలో ఆ నడక చూడనిది నేనొక్కదాన్నే. ఇన్నేళ్లూ ఇక్కడే కూర్చుని ఈయన ఎన్నెన్ని చూడకుండా పోయాడో అనిపించి, మొదటిసారి నాయన మీద జాలి కలిగింది.