తోస్తేనే కదిలే కారు

సత్తిరాజుగారికి ఉన్నది ఒకటే జబ్బు. ఎవరి కారు కనబడినా తన కారుతో పోల్చి, దాని పరువు తీసి పంపించేవారు. ఆయనది వాళ్ళ నాన్నగారు కొన్న నల్లటి ఇంగ్లీషు కారు. వయసులో ఆయనకంటే ఏడాది పెద్దది.

"మీ కొత్తకారు తోస్తే కదుల్తుందాండీ?" అని అడిగేవారు. తొయ్యాల్సిన అవసరం రాదండీ అని ఎదుటివాడు అంటే, మనుషులతో పనిలేని బండన్నమాట అని జాలిపడేవారు.

తన కారుకి ఆ అవసరం రోజూ వచ్చేది. అల్లవరం నుంచి అమలాపురం వెళ్ళే దారిలో, భర్త పోయాక అచ్చాయమ్మ పెట్టుకున్న టీకొట్టు ముందుకి రాగానే ఠంచనుగా ఆగిపోయేది. పక్కింటివాణ్ణయిన పాపానికి నేనూ, దారినపోయే నలుగురూ తోసేవాళ్ళం. తోసేముందు బలానికి గారెలు, తోశాక ఆయాసానికి టీ, అన్నీ ఆయనే ఇప్పించేవారు. గారెలు బాగుండేవి గానీ నా నడుం మాత్రం ఆ కారుకే అరిగిపోయింది.

రెండువేల ఆరులో ఆయన బావమరిది పవన్ కాట్రేనికోన రొయ్యల చెరువుల మీద సంపాదించి ఎర్రటి స్పోర్ట్స్ కారు కొన్నాడు. రెండే సీట్లు. నేలకి బెత్తెడు ఎత్తు. అందులో కూర్చోవడం ఉండదు, పడుకోవడమే. సత్తిరాజుగారు దాని చుట్టూ తిరిగి మామూలు ప్రశ్నే వేశారు.

పవన్‌కి ఒళ్ళు మండింది. "అమలాపురం గడియారస్తంభం దాకా పందెమండీ బావగారూ. ఓడిపోతే మీ కారు పాతసామాన్లవాడికి ఇచ్చెయ్యాలండి."

ఆయన భార్య భవానీదేవిగారు తమ్ముడి పక్షమే. సత్తిరాజుగారి మొహం పాలిపోయింది. అయినా ఆయ్ అని ఒప్పుకున్నారు.

అవి దాళ్వా వరికోతల రోజులు. రోడ్డు పొడుగునా గడ్డి పరిచి ఉంది. పవన్ రివ్వున కనుమరుగైపోయాడు. మేం నింపాదిగా టీకొట్టు దగ్గరికి వచ్చేసరికి, ఎర్రకారు కడుపుకింద గడ్డి చుట్టుకుని మొరాయించి ఉంది. పక్కన అచ్చాయమ్మ ఏడుస్తోంది. కూతురు నాగమణికి పురిటినొప్పులొస్తున్నాయి.

సత్తిరాజుగారు పందెం మాటే ఎత్తలేదు. ఇంజను ఆపకుండా తల్లీకూతుళ్ళని వెనకసీట్లో ఎక్కించారు. నేను అలవాటుకొద్దీ వెనక్కెళ్ళి భుజం ఆనించేలోపే కారు కదిలిపోయింది. పరుగెత్తి ఎక్కాను. దారంతా ఒక్క దగ్గు లేదు, ఒక్క మూలుగు లేదు. గడియారస్తంభం ఎప్పుడు దాటామో ఎవరం చూడలేదు. ఆసుపత్రి ముందే ఆగాం.

నాగమణికి కొడుకు పుట్టాడని తెలిసి మనసు కుదుటపడ్డాక అడిగాను. "రోజూ మా చేత తోయించుకునే కారు ఇవాళ ఇలా ఎలా పరుగెత్తిందండీ?"

ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు. "అచ్చాయమ్మగారు కార్లోనే ఉన్నారు కదండీ. దారిలో ఆగితే మీకు గారెలెవరు పెడతారండీ?"

అప్పటికి నా బుర్ర వెలిగింది. ఊరికే ఇస్తే పుచ్చుకోని అచ్చాయమ్మకి, రోజూ ఇంత బేరం నా నడుం మీదుగా నడిపించారన్నమాట! కోపం రావలసిందే. నవ్వే ముందొచ్చింది.

నెల తిరిగాక అచ్చాయమ్మ మళ్ళీ కొట్టు తెరిచింది. మా కారు ఠంచనుగా ఆగింది. బ్రేకు మీద ఆయన కాలుందని తెలిసే తోశాను. ఇంతలో వెనకాలే వచ్చిన ఎర్రకారూ ఆగిపోయింది. పవన్ దిగి, ఎటో చూస్తూ, "కాస్త తోస్తారాండీ?" అన్నాడు.

సత్తిరాజుగారు గారెల పళ్ళెం ముందుకి జరిపి, "ఆయ్, ఇప్పటికి కారనిపించుకుందండీ" అన్నారు.