ఈరన్నలకు చోటడిగిన ఆపా

1988 నవంబరు 21, సోమవారం. పొద్దున లేచేసరికి మా ఇరుకు సందులో పత్తి మిల్లు సేటు జీపు ఆగి ఉంది. ఆయన మా వీధికి ఎన్నడూ వచ్చినవాడు కాదు. నేను ఆపా అని, అంటే అక్కా అని, పిలిచే పక్కింటామె రాత్రి నిద్రలోనే పోయిందట.

ఆపా ఆ మిల్లులో కంప్యూటరు నడిపేది. రోజూ కాలేజీ అయ్యాక నేను పోయి ఆమె పక్కన కూర్చునేదాన్ని. ఆ గది ఇప్పటికీ నాకు కలలాగే తోస్తుంది. పత్తి నుంచి గింజ తీసే జిన్నింగు వైపు నుంచి దూది నూగు తేలుతూ వచ్చి, తెర మీది ఆకుపచ్చ అక్షరాల ముందు కాసేపు నిలిచేది. ఆపా దాన్ని తుడిచేది కాదు, మెల్లగా ఊదేది. "తుడిస్తే అంటుకుంటాది, ఊదితే పోతాది." ఎవరి మీదైనా కోపం వచ్చినా అదే మాట.

ఈ సీజనుకు కొత్త ప్రోగ్రాము వచ్చింది. ఒక్క మీట నొక్కితే రశీదు వస్తుంది. ఏ గోదాములో ఎన్ని పత్తి బేళ్లున్నాయో వెంటనే చెబుతుంది. సేటు మురిసిపోయాడు. కానీ పాతదాంట్లో రైతు పేరు పక్కన, ఒకే పేరున్నవాళ్లను వేరు చేయడానికి, 'గుర్తు' అని ఒక గడి ఉండేది. కొత్తదాంట్లో తీసేశారు. పేరు ఒకటైతే మనిషీ ఒకడేనని దాని నమ్మకం. ఉరుకుంద ఈరన్న స్వామికి మొక్కి కన్న కొడుకులందరూ ఈరన్నలేనని దానికెవరు చెప్పాలి?

ఆపా తొందరపడకుండా పాతదాన్నీ కొత్తదాన్నీ పక్కపక్కనే నడిపి చూసింది. ఎమ్మిగనూరు ఈరన్నకు రాసిన 'తడి పత్తి' అనే మాట కొత్తదాంట్లో కౌతాళం ఈరన్న పత్తికి అంటుకుంది.

"నా పత్తి మల్లెపూవు లెక్క ఉంది గదమ్మా! తడి అంటాదేంది మీ మిషను?" అని కౌతాళం ఈరన్న తగులుకున్నాడు.

"దానికి మీరిద్దరూ ఒగడేనప్పా."

"అట్లయితే మా అత్తగారింటికి గూడా వాన్నే పంపు!"

సేటుకు నవ్వు రాలేదు. "చేసినోళ్లకు తెల్వదా? కొత్తది ఏసెయ్యమ్మా."

"ఏస్తా సేటూ. ఈరన్నలకు చోటు చూపించినంక."

ఆ చోటు పేరు గడిలోనే దొరికింది. పేరుకు ముందు ఒక పొట్టి మాట పడుతుంది. ఊరి పేరు చాలదు, ఒక్కో ఊళ్లో ఎందరో ఈరన్నలు. "మాటలంటే పడి చస్తావు గదా, నువ్వే ఎతుకు" అంది ఆపా. నేను ఉత్సాహంగా బట్టతల, మెల్లకన్ను, పొట్టి అని అప్పజెప్పాను. ఆమె వేళ్లు కదల్లేదు.

"అది రశీదు మీద అచ్చయితాది. ఇంటికి పోతే వాని కూతురు చదువుతాది. ఏమని పిల్చాల్నో వాన్నే అడుగు."

అడిగాం. ఒకాయన 'రేడియో' అన్నాడు. ఇంకొకాయన 'యాపమాను' అన్నాడు. నెరిసిన మీసాల పెద్దాయన మాత్రం నేల చూస్తూ, "మా యమ్మ రాజా అనేదమ్మా" అన్నాడు. ఆపా నవ్వకుండా, నెమ్మదిగా, రాజా ఈరన్న అని కొట్టింది. ఒక మాట మనిషిని నిలబెట్టడం నేను మొదట అక్కడే చూశాను.

ఇంకా చాలామంది ఈరన్నలు మిగిలి ఉన్నారు. ఈ సాయంత్రం ఆపాను మోసుకుని జనాజా వెళ్లిపోయాక సేటు మా గడప దగ్గర నిలబడ్డాడు. "ఏమ్మా, కొత్తది ఏసెయ్యమంటావా?"

"ఇంగా అడగాల్సినోళ్లు ఉండారు సేటూ."

ఆయన ఆపా తలుపు వైపు తిరిగాడు. "అయితే రేపట్నుంచి మిల్లుకు నువ్వు రా. అందాక పాతదే నడుస్తాది."

రేపు పొద్దున, మంచు విడవక ముందే, మిల్లు గేటు దగ్గర పత్తి బండ్లు తెల్లగా బారులు తీరి ఉంటాయి. మొదటి బండి దగ్గరికి పోయి అడుగుతాను: "అన్నా, మీ ఇంట్లో నిన్ను ఏమని పిలుస్తారు?"